ఎవరికైనా తట్టేదే

ఒకటో రోజు

బోర్డు ఇచ్చిన ఈ పుస్తకంలో కుడి పేజీ వాళ్ళది, ఎడమ పేజీ నాది. కుడి పేజీలో ఏ బట్ట ఎంత వేశాను, ఎంత వేడి పెట్టాను, ఏమైంది అని రాయాలి. సాయంత్రం ఆ పేజీకి నకలు రాసి డబ్బాలో వేయాలి. ఎడమ పేజీలో ఏం రాసుకున్నా ఎవరూ చదవరు. చదివే హక్కు బోర్డుకు లేదని చట్టంలోనే ఉందట. రాస్తే పనివాడికి ఆలోచన సాగుతుందని అలా పెట్టారట. నాకు రాసే అలవాటు లేదు. ఇరవై ఒక్క రోజులు ఈ షెడ్డులో ఒక్కణ్ణే ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

గుట్టకింది వాడలో పాతబట్టలు కరిగించే గంగాళం మీద పందొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాను. జిల్లాలో ఈ పని చేసేవాళ్ళు నాలుగు వందల పదకొండు మంది. బోర్డు మిషను మా అందరినీ పనితనం ప్రకారం వరుస పెట్టిందట. సరిగ్గా మధ్యలో తేలినవాణ్ణి నేను. నాకన్నా బాగా చేసేవాళ్ళు రెండు వందల అయిదుగురు, అధ్వాన్నంగా చేసేవాళ్ళు రెండు వందల అయిదుగురు. కాగితంలో నన్ను 'సామాన్య నిపుణుడు భూమేశ్' అని రాశారు. వాడలో 'నడిమోడు' అంటున్నారు.

కేసు ఇది. టెరికాటన్ బట్టలో పాలిస్టరూ పత్తీ ఒకే పోగులో కలిసి ఉంటాయి. పాలిస్టరు కరిగే వేడికి పత్తి మాడి పొడి అవుతుంది. పత్తి చెడకుండా రెంటినీ విడదీసే దారి కనిపెట్టామని, ఆ హక్కు తమకే రాయమని ఒక కంపెనీ, ఇలాంటి హక్కులు ఇచ్చే బోర్డుకు దరఖాస్తు పెట్టింది. అది పనిలో ఉన్న ఎవరికైనా తట్టేదేనని మా సంఘం అడ్డు చెప్పింది. ఇలాంటి తగాదా వస్తే వరుసలోని మధ్యవాణ్ణి ఒక షెడ్డులో పెట్టి, లెక్క చెప్పి, జవాబు దాచి, గంగాళం ఇస్తారు. వాడికి తట్టితే ఆ దారి అందరిదీ. తట్టకపోతే కంపెనీది.

కంపెనీది అయితే మా వాడ పైనున్న పాతబట్టల గుట్ట కూడా కంపెనీదే. బట్టను పూర్తిగా విడదీయగలిగినవాళ్ళదే గుట్ట అని రూలు. ఉత్త పాలిస్టరు బట్టలు మా తాతల కాలంలోనే అయిపోయాయి. ఇప్పుడు మిగిలిందంతా టెరికాటనే.

విచారణ అధికారి పేరు కెజియా. యాభై ఏళ్ళు ఉంటాయి. మోకాళ్ళ నొప్పి కాబోలు, మెట్టు దగ్గర ఆగి ఆగి ఎక్కింది.

"కంపెనీవాళ్ళ పద్ధతి ఏమిటో మీకు తెలుసా?" అని అడిగింది.

"తెల్వదు మేడం."

"ఎవరైనా మీకు నేర్పారా?"

"లేదు."

రెండూ నిజమే. పైదూలం మీద బోర్డు పెట్టిన కెమెరా కన్ను ఆ మాటలు పట్టుకుంది.

రెండో రోజు

గంగాళంలో తీపినీళ్ళు పోసి నూట తొంభైకి వేడి చేశాను. తీపినీళ్ళంటే బట్టను కరిగించే చిక్కటి ద్రవం. నాలుకకు తీపి, కడుపులోకి పోతే మనిషి లేవడు. అందులో తెల్ల తోడు వేశాను. పాలకు మజ్జిగ ఎలాగో కరిగే పనికి తోడు అలాగ. అది లేకపోతే బట్ట రోజంతా ఉడికినా కరగదు. పందొమ్మిదేళ్ళుగా చేస్తున్నట్టే చేశాను. పాలిస్టరు కరిగింది. పత్తి పచ్చబడి, చేత్తో తీస్తే తడి బొరుగుల్లా రాలింది.

బోర్డు ఒక తూకం రాయి ఇచ్చింది. తీసిన పత్తిని వడికి, నాలుగు పోగులు పేని ఆ రాయిని వేలాడదీయాలి. తెగకుండా మోస్తే గెలిచినట్టు. ఈరోజు పత్తి వడకడానికే రాలేదు.

మధ్యాహ్నం నా మరదలు నర్సవ్వ బువ్వ తెచ్చింది. కంచె అవతల నిలబడి కన్నును చూసింది.

"గా కన్నుకు చెవులు గూడ ఉన్నయా బావా?"

"ఉన్నయి."

"నోరు?"

"లేదు."

"అయితే మంచిదే. మొగుడైతే బాగుండు."

గంగాళం సంగతి తప్ప ఏమైనా మాట్లాడుకోవచ్చు. నర్సవ్వకు గంగాళం తప్ప వేరే సంగతి లేదు. అందుకని ఎక్కువసేపు నిలబడలేదు. ఆమె గంగాళానికి దరఖాస్తు పడిన రోజే సీలు వేశారు. వాడలో అన్నిటికీ వేశారు.

నాలుగో రోజు

తోడు సగం చేశాను. బట్ట కరగలేదు. రెట్టింపు చేశాను. కరిగింది, పత్తి నల్లబడింది. వేడి తగ్గించి ఎక్కువసేపు ఉంచాను. పత్తి తెల్లగానే ఉంది కానీ పోగులో పాలిస్టరు మిగిలింది. అన్నీ కుడి పేజీలో రాశాను.

ఆరో రోజు

నా భార్య కొమురవ్వ పోయి రెండేళ్ళు. ఛాతీ రోగం. గంగాళాల మీద పనిచేసే ఆడవాళ్ళకు తొందరగా వస్తుంది.

ఆమె ఇంటి వెనక చిన్న గంగాళం నడిపేది. నేను సంఘం పెద్ద గంగాళం మీద పగలంతా ఉండేవాణ్ణి. ఆమె దగ్గర ఎప్పుడూ తెల్లటి పత్తి ఉండేది. దాన్ని వడికితే నేను మగ్గం మీద తువ్వాళ్ళు నేసేవాణ్ణి. గుట్టలో ఉత్త పత్తి బట్టలు అక్కడక్కడ దొరుకుతాయి. ఆమెకు అవి దొరుకుతున్నాయని అందరూ అనుకున్నారు. "కొమురవ్వ చెయ్యి మంచిది" అనేవాళ్ళు. ఆమె అవుననలేదు, కాదనలేదు.

అది దొరికిన పత్తి కాదని పోయే ముందు ఏడాది నాకు అర్థమైంది. ఆమె తెచ్చే మూటల్లో కాలర్లు, కఫ్‌లు చూశాను. అన్నీ టెరికాటన్ చొక్కాలే. ఎలా చేస్తున్నావని అడగలేదు. ఏదో తోడు మార్చి ఉంటుందిలే అనుకున్నాను. మర్నాడు అడుగుదామని కూడా అనుకోలేదు.

తెలియదని కెజియాకు చెప్పింది అందుకే నిజం. ఆమె చేసిందని తెలుసు. ఏం చేసిందో తెలియదు.

ఏడో రోజు

సెలవు. గంగాళం మాట ఎత్తనని ఒట్టు పెట్టించుకుని ఇంటికి పంపారు. వాడలో పదకొండు ఇళ్ళకు తాళాలున్నాయి. ఇటుకబట్టీలకు పోయారట. పక్కింటి రాజేశం సామాను కట్టి గుమ్మంలో పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు.

"ఏం భూమన్నా, మూట ఇప్పాల్నా, ఎత్తుకోవాల్నా?"

"ఒట్టున్నది రాజేశం. మాట్లాడొద్దు."

"మాట్లాడకు. మూతి చూస్తెనే తెలుస్తున్నది."

అతని భార్య లోపలి నుంచి, "ఆయనను ఏం అడుగుతవ్, ఇరవై రోజులు బోర్డు నీడకు పన్నడు. మనకు గదన్న లేకపాయె" అంది.

తొమ్మిదో రోజు

కొమురవ్వ వాగు అవతలి నుంచి చౌడు మట్టి తెచ్చేదని గుర్తొచ్చింది. ఆమెది రేవు ఇల్లు. వాళ్ళ తాతలు ఊరి బట్టలు ఉతికినవాళ్ళు. చౌడు నీళ్ళలో నానిస్తే మురికి వదులుతుంది. నాది మగ్గం ఇల్లు. మా పెళ్ళికి మా వైపు వాళ్ళు ఇద్దరే వచ్చారు.

తోడుకు బదులు చౌడు వేసిందేమో. బోర్డు ఇచ్చిన పాతకాగితాల్లో కూడా చౌడులాంటి ఉప్పు తోడుగా పనికొస్తుందని ఒకటి ఉంది. పద్నాలుగు కాగితాలు ఇచ్చారు. చదువుపెట్టెలో పెడితే అది పైకి చదువుతుంది. కంపెనీ దరఖాస్తుకు ముందు లోకానికి తెలిసినదంతా ఆ పద్నాలుగే అని లెక్క.

బోర్డును అడిగి చౌడు తెప్పించాను. గంగాళంలో వేశాను. తెల్ల తోడుతో కలిపి వేశాను. మామూలుకన్నా త్వరగా కరిగింది. పత్తి మాత్రం అలాగే రాలింది.

పదకొండో రోజు

ఇంకా నాలుగు పాళ్ళు మార్చి చూశాను. పత్తి వడకడానికి వచ్చింది. రాయి ఎత్తగానే పోగు తెగింది. రాయి నా పాదం మీద పడింది. గోరు నల్లబడింది.

నర్సవ్వ చూసి, "రాయి గెలిచిందా?" అంది.

పన్నెండో రోజు

చదువుపెట్టె పన్నెండో కాగితం చదివింది. ఎప్పటిదో, బట్టలు ఉతికే కులాల మీద ఎవరో రాసినది. మిగతా కాగితాల్లా గంగాళాల సంగతి కాదు కాబట్టి వినకుండా బువ్వ తింటున్నాను. ఉతికే వాళ్ళు బట్టలను ఉడకబెట్టరు, ఉబ్బకు పెడతారు అని చదివింది. చౌడు నీళ్ళలో ముంచి, పిండి, కాగుతున్న కుండ మూతి మీద పేర్చి కప్పుతారు. ఆవిరి మాత్రమే తగులుతుంది. బట్ట మరిగే నీళ్ళను ముట్టదు. అందుకని నూలు బలం పోదు.

బువ్వ చేతిలో ఉండగానే మా ఇంటి వెనక దండెం కనిపించింది.

కొమురవ్వ గంగాళంలో వేసే బట్టలను ముందు తడిపి, పిండి, దండెం మీద ఆరేసేది. రోజూ. కరిగిపోయే బట్టలను ఎవరైనా ఉతుకుతారా? వాడంతా నవ్వేది. రాజేశం గోడ మీద నుంచి, "ఓ కొమురక్కా, సచ్చిన బట్టలకు స్నానం ఏందే? మీ కులం అలవాటు పోదా?" అనేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి. ఒకసారి నలుగురిలో, "దానికి ఉతకకుంటే నిద్ర పట్టది" అన్నాను. ఆమె క్లిప్పులు పెడుతూ ఊరుకుంది.

ఆమె ఉతకలేదు. తోడును గంగాళంలో కాకుండా బట్టలోకే పట్టించింది. చౌడూ తెల్ల తోడూ కలిపిన నీళ్ళలో ముంచి, పోగు పోగుకూ ఎక్కించి ఆరేసింది. తర్వాత గంగాళం మూతి మీద పేర్చి తీపినీళ్ళ ఆవిరికి పెట్టింది. పాలిస్టరు కరిగి కిందికి కారుతుంది. పత్తి పైనే ఉండిపోతుంది. గంగాళానికి ఆమె కంతల వెదురు తడికను మూతగా వాడేది. ఇనుప మూత కొనలేక వాడుతోందనుకున్నాను. ఆమె పోయాక ఆ తడికను కోళ్ళగూటికి తలుపుగా కట్టాను.

అంతా అందరి కళ్ళ ముందు దండెం మీద వేలాడింది. పదకొండేళ్ళు.

కాగితం విన్నందుకు తట్టిందా, ఆమె గుర్తొచ్చి తట్టిందా? రెండూ ఒక్కసారే వచ్చాయి. విడదీయలేకపోతున్నాను.

కుడి పేజీలో 'పని చేయలేదు' అని రాశాను.

పదమూడో రోజు

ఈరోజు కూడా గంగాళం ముట్టలేదు. పాదం నొప్పి అని రాశాను.

మూడేళ్ళ కింద కంపెనీ మనిషి ఒకడు వాడకు వచ్చాడు. గుట్ట కొలతలకు వచ్చాడన్నారు. తెల్ల టోపీ పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మా ఇంటి వెనక దండెం దగ్గర ఆగి, "ఇవి కరిగించే బట్టలే కదా, ఎందుకమ్మా ఆరేస్తున్నారు?" అని అడిగాడు.

కొమురవ్వ చెప్పింది. చాలాసేపు చెప్పింది. చేతులు తిప్పుతూ, నవ్వుతూ చెప్పింది. నేను గుమ్మంలో ఉన్నాను. మాటలు సరిగా వినపడలేదు. పరాయి మగవాడితో అన్ని మాటలేంటని నాకు తలకొట్టేసినట్టయింది. "బువ్వ పెట్టవా?" అని కేకేశాను. ఆమె చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది.

అతను దొంగిలించాడని అనలేను. అతను అడిగాడు, ఆమె చెప్పింది. పదకొండేళ్ళలో అడిగింది అతనొక్కడే.

పద్నాలుగో రోజు

సెలవు. ఒట్టు తప్పాను. నర్సవ్వను ఇంటి లోపలికి పిలిచి తలుపు వేశాను. ఆమె భయపడింది.

"ఏమైంది బావా? పెయ్యి మంచిగ లేదా?"

చెప్పాను. దండెం సంగతి, ఉబ్బ సంగతి, తడిక సంగతి. ఆమె నేల మీద కూర్చుండిపోయింది. "మా అవ్వ గట్లనే పెడుతుండె ఉబ్బ. నేను గూడ చూసిన. నాకెందుకు తట్టలే?" అంది.

"నాకూ తట్టలే."

"నువ్వంటే మగ్గపోనివి. నేను రేవుదాన్ని." తర్వాత ముఖం విప్పారింది. "అయితే అయిపాయె గద బావా! మా అక్క ముందుగాలనే చేసిందని చెప్పు. కంపెనీ ముఖం మీద కొట్టినట్టుంటది."

అది అవదని చెప్పాను. ముందే ఎవరో చేశారని నిలబడాలంటే కాగితం ఉండాలి. లేదా చేస్తున్నప్పుడు అదేమిటో తెలిసి చూసిన సాక్షులు ఇద్దరు ఉండాలి. చూసింది వాడంతా. తెలిసి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇక నేను ఆమె పేరు ఎత్తితే, చూసినవాడు కాబట్టి మధ్యవాడిగా పనికిరానని తీసేస్తారు. రెండోసారి ఇంకొకణ్ణి పెట్టరు. దారి కంపెనీకి పోతుంది.

"మరెట్ల?"

"నాకే తట్టిందని చెప్పాలె. ఎవలూ చెప్పలేదనాలె. ఇందుల ఇశేషం లేదు, ఈ పని చేసేటోనికి ఎవనికైనా తడుతది అనాలె. గట్లయితే దారి అందరిది."

నర్సవ్వ నన్ను చూసింది.

"అంటే ఏంది బావా. మా అక్క చేసిందాంట్ల ఏం లేదని నీ నోటితోని నువ్వే చెప్పాల్నా?"

"చెప్పాలె."

"చెప్పకుంటే?"

"గుట్ట పోతది. నీ గంగాళం పోతది. రాజేశం మూట ఎత్తుకుంటడు."

"వాడు ఎత్తుకుంటే ఎత్తుకోనియ్. వాడే గద మా అక్కను అన్నది."

"నేను గూడ అన్న."

ఆమె లేచి, నేను తిన్న కంచం తీసుకుని కడిగింది. కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగింది.

"నువ్వు చెప్పు నర్సవ్వా. ఏం జేయాలె?"

"నేను చెప్ప. నాతోని చెప్పియ్యకు బావా. పుణ్యముంటది."

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మా అక్కైతే ఏమనేదో ఎరుకేనా?"

"ఏమనేది?"

"ఏమనకపోవు. ఊకుంటుండె." అని వెళ్ళిపోయింది.

పదహారో రోజు

చేశాను. నిన్నంతా ఆలోచించి ఈరోజు చేశాను. ఆలోచన ఏమిటంటే, వాడలో ముప్ఫై నాలుగు ఇళ్ళు మిగిలాయి. ఆమె పోయింది. ఇంతకన్నా ఏమీ తేల్చుకోలేదు.

చౌడూ తెల్ల తోడూ కలిపి బట్ట ముంచి, పిండి, బోర్డును అడిగి తెప్పించిన వెదురు తడిక మీద పేర్చి ఆవిరికి పెట్టాను. కన్ను చూస్తోంది. మూడు గంటల తర్వాత తీశాను. బట్ట మచ్చలు మచ్చలుగా ఉంది. ఒకచోట కరిగింది, ఒకచోట అలాగే ఉంది. పత్తి కొంత పుచ్చింది.

దారి తెలిశాక కూడా రాలేదు. షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎందుకో కాస్త ఊరట అనిపించింది.

పదిహేడో రోజు

ఉబ్బకు పెట్టినట్టే నిన్న తడిగా పెట్టాను, అదే తప్పు. తడి ఉన్నచోటికి ఆవిరి ఎక్కలేదు. ఎండలో ఆరబెట్టి చూశాను. చౌడంతా పైకి తేలి తెల్లటి పొడిలా రాలిపోయింది.

ఆమె దండెం ఇంటికి ఉత్తరం వైపు, నీడలో ఉండేది. ఎండ ఉన్న వైపు కట్టమని నేను ఎన్నిసార్లు పోరినా కట్టలేదు. మధ్యలో ఒకసారి లేచి బట్టలను తిరగేసి వచ్చేది. నీడను, తిరగేయడాన్ని, ఎంత ఆరాలో చేత్తో పట్టి చూడటాన్ని పట్టుకోవడానికి ఆమెకు ఎన్ని మూటలు పాడయ్యాయో. పాడైనవి ఎక్కడ పారేసిందో కూడా నేను చూడలేదు.

పద్దెనిమిదో రోజు

నీడలో ఆరేశాను. ఒకసారి తిరగేశాను. చేత్తో పట్టి చూస్తే చల్లగా ఉండాలి, తడి అంటకూడదు. అప్పుడు తీసి ఆవిరికి పెట్టాను.

సాయంత్రానికి తడిక మీద పత్తి మిగిలింది. తెల్లగా, మెత్తగా. చొక్కా ఆకారం కూడా చెదరలేదు. జేబు కుట్టు మాత్రం ఉత్త పాలిస్టరు దారం, కరిగిపోయింది. జేబు విడిగా ఊడి వచ్చింది. కింద తీపినీళ్ళు చల్లారి గడ్డ కట్టాయి. వడికి రాయి కట్టాను. మోసింది. అలాగే ఉంచాను. పడుకునే ముందు చూసినా మోస్తూనే ఉంది.

కుడి పేజీలో పూర్తిగా రాశాను. 'పన్నెండో కాగితం వినగా తట్టింది' అని రాశాను.

ఇరవై ఒకటో రోజు

కెజియా వచ్చింది. కంపెనీ తరఫున ఒక లాయరు వచ్చాడు, టోపీ మనిషి కాదు. పత్తిని చూశారు, రాయిని చూశారు. కన్ను పట్టిన బొమ్మలు అంతకుముందే చూశారట.

లాయరు అడిగాడు. "పన్నెండో కాగితం బట్టలు ఉతకడం గురించి. మీరు కరిగించే పనివారు. ఉతికే పద్ధతిని కరిగించడానికి వాడాలని మీకెలా తోచింది?"

"బట్ట బట్టే గద సార్."

"పందొమ్మిదేళ్ళుగా ఎందుకు తోచలేదు?"

"అవసరం పడలే" అన్నాను.

"నీడలో ఆరబెట్టాలని ఏ కాగితంలోనూ లేదు."

"రెండుసార్లు చెడగొట్టిన సార్. మూడోసారి వచ్చింది. కన్ను చూసింది."

అది నిజం. ఆ రెండు చెడగొట్టడాలే నన్ను కాపాడాయి. లాయరు కూర్చున్నాడు.

కెజియా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మీ ఇంట్లో గానీ, వాడలో గానీ ఈ పద్ధతి ఎవరైనా చేయగా చూశారా?"

"లేదు."

"ఎవరైనా చెప్పారా?"

"లేదు మేడం."

"మీలాంటి పనివాడు ఎవరైనా, ఈ కాగితాలు చేతికిస్తే, ఇది చేయగలడంటారా?"

"చేస్తడు."

"ఇందులో ప్రత్యేకమైన తెలివి ఏదీ అవసరం లేదంటారు."

ఆమె ప్రశ్నలా అనలేదు. అయినా నా నోటి నుంచి మాట రావాలని కలం పట్టుకుని ఆగింది. కన్ను కూడా నా మీదే ఉంది.

"అక్కర లేదు" అన్నాను.

సంతకం పెట్టాను. దీనికి విరుద్ధంగా నేను ఎప్పుడు ఏం చెప్పినా తీర్పు రద్దవుతుందని కింద చిన్న అక్షరాల్లో ఉంది. కెజియా దాన్ని పైకి చదివి వినిపించింది. రెండుసార్లు చదివింది.

తీర్పు వచ్చిన రోజు

షెడ్డు నుంచి వచ్చి తొమ్మిది రోజులైంది. పుస్తకంలో పేజీలు మిగిలాయి కాబట్టి రాస్తున్నాను.

తీర్పు కాగితం సంఘం గోడకు అంటించారు. 'ఇది ఈ పనిలో ఉన్న సామాన్యుడికి ఎవరికైనా తట్టేదే. ఇందులో కనిపెట్టినదేమీ లేదు. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది.' సీళ్ళు తీశారు. డప్పులు కొట్టారు. రాజేశం నన్ను భుజాల మీద ఎత్తుకోబోయి, బలం చాలక దించేశాడు. ఇటుకబట్టీల నుంచి రెండు ఇళ్ళవాళ్ళు అప్పుడే తిరిగొచ్చారు.

నర్సవ్వ డప్పుల దగ్గరికి రాలేదు.

మర్నాడు

సంఘం గంగాళం దగ్గర అందరికీ చేసి చూపించమన్నారు. చూపించాను. ముంచాలి, పిండాలి, నీడలో ఆరేయాలి, తిరగేయాలి, చల్లగా ఉన్నప్పుడు తీయాలి, ఆవిరికి పెట్టాలి. చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు.

నర్సవ్వ అందరికన్నా వెనక నిలబడింది. ఆరేసిన బట్టలను తిరగేయడానికి ఒకరు కావాలంటే ముందుకొచ్చింది. ఎవరూ చెప్పకుండానే చేత్తో పట్టి చూసి, "ఇంకొంచెంసేపు" అంది.

పత్తి బయటికి వచ్చాక రాజేశం దాన్ని అటూ ఇటూ లాగి చూశాడు. అతనికి ఇంకా నమ్మకం కుదరలేదు.

"గింతేనా భూమన్నా?"

"గింతే."

"ఓరి నీ. గిదేందే, ఇది ఎవలికి ఎరుకలే? చిన్నపోరగాన్ని అడిగినా చెప్తడు. గీ మాత్రం దానికి నీకు ఇరవై రోజులు పట్టిందా?"

అందరూ నవ్వారు. నర్సవ్వ చేతిలో బట్ట పట్టుకుని అలాగే నిలబడి నా వైపు చూసింది. చెప్తానేమో అని చూసిందో, చెప్పొద్దని చూసిందో తెలియలేదు.

"నడిమోన్ని గదా" అన్నాను.

ఇంకా నవ్వారు. తర్వాత మూట విప్పి రెండో వాయి బట్టలు నానబెట్టాం.